ఉమ్మడి గోడ మీద మిద్దె

కర్నూలు పాతబస్తీలో ఎవరైనా మిద్దె పడగొట్టి పిల్లర్లు లేపబోతున్నారని తెలిస్తే ముందుగా నిద్ర చెడేది పక్కింటివారికి. ఆ వీధుల్లో ఇంటికీ ఇంటికీ నడుమ సందు ఉండదు. ఒకే గోడ ఇవతలివారి దూలాలనూ అవతలివారి దూలాలనూ మోస్తుంటుంది. ఈ గోడ తగాదాలు వట్టి ఇరుగుపొరుగు పేచీలు కావని, ఆ ఇళ్లను కట్టిన పద్ధతిలోనే వాటి మూలం ఉందని తెలుసుకోవాలి.

సీమలో మిద్దె అంటే పై అంతస్తు కాదు, చదునైన మట్టి కప్పున్న ఇల్లు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం వంటి చోట ఏటవాలు కప్పు అవసరం అంతగా లేదు. రాతికి మాత్రం కొదవ లేదు: ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, బేతంచెర్ల వైపు నాపరాయి పొరలు పొరలుగా విడివడి బండలుగానే చేతికొస్తుంది.

మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడ మీద దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు అనే సన్నని కర్రలు, వాటిపై బండలో కట్టెలో పరిచి, ఆకు వేసి, మట్టి మెత్తి, చివర చౌడు పోస్తారు. ఈ చౌడే మిద్దెకు ప్రాణం. సోడియం ఎక్కువగా ఉన్న ఆ మన్ను తడవగానే ఉబ్బి, సన్నని రేణువులు విడిపోయి రంధ్రాలను పూడ్చేస్తాయి గనుక నీరు కిందికి దిగదు. అయితే వాన కొంత చౌడును కడిగేస్తూనే ఉంటుంది కాబట్టి, తొలకరికి ముందు కొత్త చౌడు తోలి పోయడం ఏటేటా తప్పని పని. ఇరుపక్కలా గోడలే అయిన ఇంటికి కిటికీ పెట్టే చోటుండదు. అందుకే కప్పులోనే గవాక్షి వదిలేవారు. మధ్యాహ్నం దాని గుండా దిగే వెలుగు పడసాల బండల మీద పళ్లెమంత వలయమై మెల్లగా జరుగుతుంది. చినుకు పడితే ఎవరో ఒకరు పైకి పరుగెత్తి దానిమీద మూత వేయాల్సిందే.

1839లో కర్నూలు నవాబు పాలన ముగిసి ఊరు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, కలిగినవారి ఇళ్లలోకి ఇటుక, గానుగ సున్నం, దంతెల మీద ఇటుకలను నిలువునా పేర్చే మద్రాసు టెర్రస్ కప్పు క్రమంగా వచ్చాయి. అయినా గోడల ఉమ్మడితనం మారలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు కార్యాలయాలు గుడారాల్లో నడిచాయంటే ఊళ్లో కట్టడాల కొరత ఎంతటిదో ఊహించవచ్చు. ఉన్న ఇంటినే నడుమ గోడలు పెట్టి పంచుకోవడమే అలవాటైపోయింది.

2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ నీరు ఊరిని ముంచింది. మట్టితో కట్టిన గోడ నిలిచిన నీటిని ఎక్కువసేపు ఓర్వలేదు. ఆ తర్వాతైనా, అంతకు ముందైనా, మరమ్మతు పేరిట చౌడు మీద సిమెంటు పూయడం నా దృష్టిలో మేలు చేయబోయి చేసిన చేటు: పగులులోంచి దిగిన తేమ బయటికి పోలేక దూలపు కొనలను గోడలోనే కుళ్లబెడుతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు.

పక్క మిద్దె తీసేనాటికి ఆ కొనలు ఏ స్థితిలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. అనుభవమున్న మేస్త్రీలు గోడను ముట్టుకోకముందే అవతలి దూలాల కింద గుంజలు నిలిపి, గోడను మధ్యకు చీల్చకుండా, తమవైపు కొత్త గోడను కాస్త ఎడంగా మొదలుపెడతారు. దానికి పోయే జానెడు జాగా దగ్గరే బేరం తెగదు.