హీటింగ్ ఆపేశాక టవల్ వార్మర్ సంగతేంటి?

సెంట్రల్ హీటింగ్ (బాయిలర్‌లో కాగిన నీళ్లని పైపుల్లో తిప్పి గదులని వేడిచేసే ఏర్పాటు) ఉన్న ఇళ్లలో చలి తగ్గగానే గదుల్లోని రేడియేటర్లు ఆపేస్తారు, వాటితో పాటు బాత్రూమ్‌లో టవల్స్ వేసుకునే వేడి పైపుల స్టాండు, అంటే టవల్ వార్మర్ కూడా చల్లబడిపోతుంది. ఎండలొచ్చాక దానితో పనేముందిలే అనిపిస్తుంది గానీ, కొద్దిరోజుల్లోనే టవల్స్ నుంచి అదోరకం ముక్కిన వాసన మొదలవుతుంది. టవల్ వార్మర్ చేసే ముఖ్యమైన పని టవల్‌ని ఆరబెట్టడం, ఒంటికి తగిలే ఆ వెచ్చదనం బోనస్ మాత్రమే. ఇలా చూస్తే ఎంత వేడి కావాలి, ఎంతసేపు కావాలి అనే లెక్క చాలా మారిపోతుంది.

ముందు వాసన సంగతి. తడి టవల్‌లో మన చర్మం నుంచి రాలిన కణాలు, నూనె, చెమట ఉంటాయి, పైగా గంటల తరబడి తడి. బాక్టీరియాకి ఇంకేం కావాలి. 2012లో జపాన్ పరిశోధకులు ఉతికిన బట్టల్లో వచ్చే ఈ వాసనకి కారణమైన 4-మిథైల్-3-హెక్సెనోయిక్ ఆమ్లాన్ని, దాన్ని తయారుచేసే మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బాక్టీరియాని గుర్తించారు. ఇది బాగా మొండి బాక్టీరియా, ఎండబెట్టినా అంత తేలిగ్గా చావదు. కాకపోతే పెరగాలంటే దానికి తడి కావాలి, అందుకే టవల్ తడిగా ఉండే సమయాన్ని తగ్గించడమే మన చేతిలో ఉన్న పని. టవల్ పొగలు కక్కేంత వేడిగా ఉండక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండు టవల్స్ కలిపి 300 గ్రాముల నీళ్లు పీల్చుకున్నాయనుకోండి. నీళ్లు ఆవిరి కావాలంటే, మరిగే దాకా పోనవసరం లేకుండా గది ఉష్ణోగ్రత దగ్గరే ఆవిరైనా సరే, బోలెడంత వేడి తాగుతాయి. ఉష్ణోగ్రత పెరగకుండానే లోపల కలిసిపోయే ఈ వేడినే గుప్తోష్ణం అంటారు, 1760ల్లో స్కాట్లండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్ దీన్ని కొలిచి చూపించాడు. 20 డిగ్రీల దగ్గర ఒక కిలో నీటికి సుమారు 2450 కిలోజౌళ్లు కావాలి. మన 300 గ్రాములకి 735 కిలోజౌళ్లు, కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 0.2 యూనిట్. అంతే! కొంత వేడి గాలికీ గోడకీ పోతుంది కాబట్టి మూడింతలు వేసుకున్నా 0.6 యూనిట్, అంటే 300 వాట్ల వార్మర్ రెండు గంటలు నడిస్తే సరిపోతుంది. అదే వార్మర్‌ని థర్మోస్టాట్, టైమర్ లేకుండా రోజంతా వదిలేస్తే 7.2 యూనిట్లు. టవల్ అప్పటికే ఆరిపోయి ఉంటుంది, మిగతా 22 గంటలూ ఖాళీ గదిని కాచినట్టే.

ఇక్కడ చాలామంది మర్చిపోయేది గాలి. 20 డిగ్రీల గాలి ఒక ఘనపు మీటరుకి 17 గ్రాముల నీటి ఆవిరి మాత్రమే పట్టుకోగలదు. 12 ఘనపు మీటర్ల చిన్న బాత్రూమ్‌లో గాలి అసలు తేమే లేకుండా పొడిగా ఉన్నా, మొత్తం కలిపి సుమారు 200 గ్రాములకి మించి మోయలేదు. మన టవల్స్‌లో ఉన్నదే 300, స్నానం చేసినప్పుడు నిండిన ఆవిరి దానికి అదనం. అంటే తలుపు బిగించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేసి, వార్మర్ ఎంత కాల్చినా నీళ్లు టవల్ వదిలి అద్దం మీదికీ గోడ మీదికీ చేరతాయి, తర్వాత అక్కడ బూజు పడుతుంది. వేడి చేసే మేలు కూడా గాలి ద్వారానే: 20 డిగ్రీల దగ్గర నిండుగా తేమ పట్టిన గాలిని 30 డిగ్రీలకి వేడిచేస్తే దాని సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టుకోగల తేమలో నిజంగా ఉన్న వంతు) 55 శాతం దగ్గరికి పడిపోతుంది, మళ్లీ తేమ పీల్చుకునే ఓపిక వస్తుంది. ఆ గాలి బయటికి పోయే దారి మాత్రం మనమే చూపించాలి. అన్నట్టు, టవల్‌ని నాలుగు మడతలు పెట్టి వార్మర్ మీద వేస్తే బయటి పొర ఆరుతుంది, లోపలి పొరలు తడిగానే ఉంటాయి.

సరే, వేడి ఎక్కణ్ణుంచి తేవాలి? మొదట తట్టే ఐడియా బాయిలర్‌ని టవల్ వార్మర్ కోసమే నడిపి, మిగతా రేడియేటర్ల వాల్వులన్నీ మూసేయడం. పని జరుగుతుంది, కానీ నాకు ఇది అస్సలు నచ్చదు. బాయిలర్ మంటని ఎంత తగ్గించినా కొన్ని కిలోవాట్ల కిందికి రాదు, వార్మర్ తీసుకోగలిగేది 300, 400 వాట్లు. దాంతో నిమిషాల్లో నీళ్లు వేడెక్కిపోయి మంట ఆరిపోతుంది, కాసేపటికి మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ ఆరుతుంది. గ్యాసూ దండగే, బాయిలర్ భాగాలూ తొందరగా అరిగిపోతాయి.

ఇంట్లో వేడినీళ్ల ట్యాంకు ఉంటే ఇంతకంటే మంచి దారి ఉంది. ఎండాకాలంలో కూడా స్నానాలకి నీళ్లు కాగాలి కదా, అందుకోసం బాయిలర్ నుంచి ట్యాంకులోని కాయిల్‌కి వేడినీళ్లు వెళ్లే పైపు లైన్‌కి వార్మర్‌ని కలిపేస్తే, ట్యాంకు కాగిన ప్రతిసారీ వార్మర్ కూడా వేడెక్కుతుంది. ట్యాంకు పెద్ద లోడు కాబట్టి బాయిలర్ మాటిమాటికీ ఆగిపోదు. రోజూ స్నానాల వేళకి గంటో రెండు గంటలో నడుస్తుంది, మనం పైన వేసిన లెక్కకి సరిగ్గా సరిపోతుంది. చిక్కల్లా, ఇది ఇల్లు కట్టేటప్పుడో బాత్రూమ్ మొత్తం మార్చేటప్పుడో చేయాల్సిన పని, టైల్స్ వేసేశాక గోడ పగలగొట్టి చేయడం అనవసరపు తలనొప్పి. ఇక ట్యాంకు లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచే కాంబీ బాయిలర్ ఉన్నవాళ్లకి ఈ దారే లేదు.

కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావాలని కొన్ని ఇళ్లలో వేడినీళ్లని పైపుల్లో పంపుతో తిప్పుతూ ఉంటారు, వార్మర్‌ని ఆ లైన్‌కి కలపొచ్చా అని అడిగేవాళ్లుంటారు. కలపొచ్చు గానీ మామూలు ఉక్కు వార్మర్ అక్కడ పనికిరాదు. హీటింగ్ పైపుల్లో ఏళ్ల తరబడి అవే నీళ్లు తిరుగుతాయి, అందులోని ఆక్సిజన్ కొద్దిరోజుల్లోనే ఖర్చైపోతుంది, ఆ తర్వాత తుప్పు బాగా నెమ్మదిస్తుంది. కుళాయి లైన్‌లోకి మాత్రం ఆక్సిజన్ ఉన్న కొత్త నీళ్లు రోజూ వస్తుంటాయి, ఉక్కు లోపలి నుంచి తినేసుకుంటూ పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలో ఇత్తడో రాగితోనో చేసినవే అక్కడ పెట్టాలి.

ఎక్కువమందికి ఆచరణలో కుదిరేది ఎలక్ట్రిక్ ఎలిమెంట్. వార్మర్ కింది భాగంలో ఒక టీ జాయింట్ పెట్టి, దాంట్లోంచి 150 నుంచి 600 వాట్ల హీటింగ్ రాడ్‌ని లోపలికి బిగిస్తారు. చలికాలంలో బాయిలర్ నీళ్లు, ఎండాకాలంలో కరెంటు. కరెంటు మీద వాడేటప్పుడు వార్మర్‌ని పైపులకి కలిపే రెండు వాల్వుల్లో ఒకటి మూయాలి, లేకపోతే వేడి మెల్లగా పైపుల్లోకి జారిపోతుంది. రెండో వాల్వ్ మాత్రం తెరిచే ఉండాలి, దీని విషయంలో అజాగ్రత్త వద్దు. నీళ్లు 20 నుంచి 65 డిగ్రీలకి వేడెక్కితే దాదాపు 1.8 శాతం వ్యాకోచిస్తాయి, 5 లీటర్ల వార్మర్‌లో అది 90 మిల్లీలీటర్లు. నీళ్లు నొక్కితే నొక్కుకునేవి కావు కాబట్టి, రెండు వైపులా మూసేస్తే ఆ 90 మిల్లీలీటర్లు జాయింట్లని చీల్చుకుని దారి చేసుకుంటాయి. ఒక వాల్వ్ తెరిచి ఉంటే హీటింగ్ సిస్టమ్‌లోని ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఆ పెరుగుదలని తీసుకుంటుంది. పైపులతో సంబంధం లేకుండా కేవలం కరెంటు మీద నడిచే వార్మర్లని నిండా నింపకుండా పైన కాస్త గాలి వదలడానికి కారణం కూడా ఇదే. ఎలిమెంట్ మాత్రం ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి, లేదంటే మాడిపోతుంది.

5 లీటర్ల నీళ్లనీ ఉక్కునీ 20 నుంచి 50 డిగ్రీలకి తేవడానికే 0.2 యూనిట్ పడుతుంది. 300 వాట్ల ఎలిమెంట్‌కి అది 40 నిమిషాల పని, బయటికి పోయే వేడి కూడా కలుపుకుంటే గంట. కాబట్టి స్నానం నుంచి రాగానే వెచ్చటి టవల్ కావాలంటే టైమర్‌ని గంట ముందు పెట్టుకోవాలి, ఆరితే చాలనుకుంటే స్నానం అయ్యాక వేసుకోవచ్చు. వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. తడి ఒంటితో తిరిగే గదిలో 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయ్యే రక్షణ ఉండాలి, షవర్‌కి ఎంత దూరంలో ఏ పరికరం పెట్టొచ్చో నియమాలుంటాయి.

కొనేటప్పుడు డబ్బా మీద రాసిన వాట్లని ఉన్నదున్నట్టు నమ్మొద్దు. ఆ అంకె సాధారణంగా వార్మర్‌లో నీళ్లు గది కంటే 50 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నప్పటిది, తేడా తగ్గితే వేడి అంతకంటే వేగంగా పడిపోతుంది. బాయిలర్ బదులు హీట్ పంప్ (బయటి గాలి నుంచో నేల నుంచో వేడిని లాగి నీళ్లని కాచే యంత్రం) ఉన్న ఇంట్లో 40 డిగ్రీల నీళ్లు తిరుగుతాయనుకుంటే, 400 వాట్లు అని రాసిన వార్మర్ 20 డిగ్రీల గదిలో దాదాపు 120 వాట్లే ఇస్తుంది. పైగా తళతళలాడే క్రోమ్ పూత వేడిని సరిగా వెదజల్లదు, అదే సైజులో పెయింట్ వేసిన వార్మర్ ఎక్కువ వేడినిస్తుంది. హీట్ పంప్ ఇళ్లలో అయితే ఎలిమెంట్ ఎండాకాలానికే కాదు, నడిచలికాలంలో కూడా కావాల్సి వస్తుంది.