ఆటో పైకప్పు మీద ఎంత ఎండ పడుతుంది?

మే నెల మిట్టమధ్యాహ్నం హనుమకొండ చౌరస్తాలో ఆగి ఉన్న ఆటో పైకప్పు మీద చెయ్యి పెట్టలేము. ఇంత ఎండ ఉండగా ఆ బండి ఎండతోనే ఎందుకు నడవదన్న సందేహం సహజమైనదే, దానికి లెక్కతోనే సమాధానం చెప్పవచ్చు. నిర్మలమైన ఆకాశం కింద మధ్యాహ్నం చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల సౌరశక్తి పడుతుంది. ఇప్పటి సిలికాన్ పలకలు అందులో సుమారు ఐదో వంతును మాత్రమే విద్యుత్తుగా మార్చగలవు. పైకప్పు రెండు చదరపు మీటర్లనుకుంటే చేతికందేది 400 వాట్లు. పైగా పలక ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటిన తరువాత ప్రతి డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది కనుక, అది 65 డిగ్రీలకు కాగిందంటే దాదాపు ఆరో వంతు పోయినట్టే. ఓరుగల్లు ఎండ ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకుంటుందన్నమాట. రోజంతా కలిపి రెండు యూనిట్లకు లోపే వచ్చే ఈ విద్యుత్తుతో బ్యాటరీ ఆటో పాతిక, ముప్పై కిలోమీటర్లు తిరగగలదేమో గాని, పొద్దంతా గిరాకీకి అది చాలదు.

అందుకే పలకలను బండి మీద మోయడం కన్నా ఒకచోట పరచి, ఆ కరెంటుతో బ్యాటరీని నింపుకోవడమే మేలని నా అభిప్రాయం. రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే కేంద్రం చేస్తున్నది ఇటువంటి పనే. కింద నీరు ఉండడం వల్ల పలకలు కొంత చల్లగా కూడా ఉంటాయి.

అయితే తొందర లేని యంత్రానికి కొద్దిపాటి శక్తే చాలు. 2023లో చంద్రుని మీద దిగిన చంద్రయాన్-3 రోవర్ (చక్రాల బండి) ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు, దాని పలక ఇచ్చేది 50 వాట్లు. సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున అది సుమారు 100 మీటర్లు నడిచింది. మన ఎండలో సగం కూడా అందని అంగారకుడి మీద, 90 రోజుల పనికని నాసా పంపిన ఆపర్చునిటీ రోవర్ 2004 నుంచి 2018 దాకా పనిచేసి 45 కిలోమీటర్లు తిరిగింది. పలకల మీద పేరుకున్న దుమ్మును అప్పుడప్పుడు గాలి ఊడ్చిపెట్టేది. చివరకు ఒక పెద్ద దుమ్ము తుఫాను సూర్యుణ్ణి కప్పేయడంతో అది మూగబోయింది.

పొలం పని కూడా నిదానంగా సాగేదే. డెన్మార్క్‌లో తయారైన ఫార్మ్‌డ్రాయిడ్ అనే సౌర రోబో విత్తిన ప్రతి గింజ చోటును ఉపగ్రహ సంకేతాల ఆధారంగా గుర్తుంచుకొని, తరువాత ఆ చోటును విడిచి చుట్టుపక్కల కలుపును తీసివేస్తుంది. కలుపు కూలీలు దొరకక అవస్థపడే మన పత్తి రైతుకు ఇది ఆశ కలిగించే మాటే. కాని పత్తిలో కలుపు దట్టంగా వచ్చేది వానకాలంలో, అంటే మబ్బులు పట్టి పలకల ఉత్పత్తి బాగా తగ్గిపోయే రోజుల్లోనే. నాగలి కర్రుకే ముద్దలుగా అంటుకునే తడి నల్లరేగడిలో ఆ రోబో చక్రాలు ఎలా తిరగాలన్నది, పలకల సామర్థ్యం కన్నా ముందు తేలవలసిన ప్రశ్న.