ఆఫీసు విగ్రహానికి రంగు వెయ్యకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో విగ్రహాలు పోత పోయడం, పాతవాటిని బాగుచేయడం నా వృత్తి. ఆగస్టు 23న ప్రకాశం పంతులుగారి జయంతి, డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి వర్ధంతి దగ్గరపడితే చాలు, మా జిల్లాలోనూ నెల్లూరులోనూ ఆఫీసుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "విగ్రహం నల్లబడింది, కాస్త రంగేసి పెట్టండి" అంటారు.

అపోహ: కంచు నల్లబడితే పాడైనట్టే.

వాస్తవం: కంచులో ఎక్కువ భాగం రాగి. గాలి తగిలి పైన ఏర్పడే ముదురు పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. చాలాసార్లు ఆ రంగును శిల్పే రసాయనాలు పూసి, వేడిచేసి తెప్పిస్తాడు. ఇత్తడి చెంబు తోమినట్టు పాలిష్‌తో తోమితే ఆ పొరతోపాటు కొంత లోహమూ పోతుంది. బంగారు రంగు ఎనామిల్ వేస్తే ఇంకా నష్టం. ఏటా పూత మీద పూత పడి నుదుటి ముడతలు, కళ్లద్దాల అంచు, పంచె మడతలు పూడిపోతాయి. మట్టి నమూనాలో ఆ చూపు కుదరడానికి ఎంత కష్టపడతామో! అది పోయాక కింద పలక చదివితే తప్ప ముఖం ఎవరిదో తెలియదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

భయపడాల్సిన రంగు వేరే ఉంది. లేత ఆకుపచ్చగా, మచ్చలు మచ్చలుగా, తాకితే పొడిలా రాలే చిలుము. ఉప్పు చేరిన కంచుకు వస్తుంది. తేమ ఉన్నంతకాలం లోహాన్ని తింటూనే ఉంటుంది. అది కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

అపోహ: బిల్డింగు లోపలే ఉంది కదా, ఏమీ కాదు.

ఎండా వానా తగలవు, నిజమే. కానీ మనది కోస్తా, కిటికీలోంచి ఉప్పుగాలి వస్తుంది. హాలు కడగడానికి బాత్రూం యాసిడ్ వాడతారు. దిమ్మెకు చీమకుర్తి గ్రానైట్ పలకలు వేసినా, వాటి మధ్య సిమెంటును యాసిడ్ తినేస్తుంది. దాని ఆవిరి కంచుకూ పడదు. పాలరాతికైతే నిమ్మరసం పడినా నునుపు పోతుంది. ఇక దండలు. తడి పూలు రోజుల తరబడి మెడలోనే ఉంటాయి, ఇనుప తీగ గీతలు పెట్టి తుప్పు మరక వదులుతుంది. నూలు దారంతో కట్టిన దండ వేసి, సాయంత్రానికి తీసేయండి. దుమ్ముకు మెత్తటి పొడి బ్రష్ చాలు.

అపోహ: ఫైబర్ విగ్రహమంటే మోసం.

కంచు అని బిల్లు రాసి ఫైబర్ ఇస్తే మోసమే. చెప్పి చేస్తే తప్పు లేదు. ఫైబర్‌కు ఎండ శత్రువు, నీడలో బాగానే ఉంటుంది.

అపోహ: ప్రభుత్వం డబ్బిచ్చి కొన్నది, ఏం చేసినా అడిగేవారు లేరు.

ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ సమావేశాలు జరిగే విజ్ఞాన్ భవన్ లాబీ గోడకు శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు శిల్పం ఉండేది. 1979లో దాన్ని ఊడదీశారు, ముక్కలు దెబ్బతిన్నాయి. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగివ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని చెప్పింది. కాపీరైట్ చట్టం సెక్షన్ 57 ప్రకారం హక్కులు రాసిచ్చాక కూడా, తన పని పాడుచేసి పరువు తీస్తే అడిగే హక్కు శిల్పికి ఉంటుంది. కాబట్టి రిపేర్ల కోసం విగ్రహాన్ని కదపాల్సి వస్తే ముందు చేసినవాళ్లకు కబురు పెట్టండి. శిలాఫలకం మీద ఆవిష్కరించినవారి పేర్ల కింద శిల్పి పేరు, ఏ లోహమో, ఏ సంవత్సరమో ఒక్క వరుస చెక్కించండి. ఎవరికి కబురు పెట్టాలో అప్పుడే తెలుస్తుంది.