నార్వే ఆవుల హెల్త్ కార్డు వెనుక కథ

ఏ ఆవు ఎన్ని లీటర్లిచ్చిందో రాయడం పాత అలవాటే. డెన్మార్క్ రైతులు సంఘంగా చేరి ఆ లెక్క రాయించడం 1895లోనే మొదలైంది. ఏ ఆవుకు ఏ జబ్బు చేసిందో రాయడానికి మాత్రం చాలా కాలం ఎవరూ పూనుకోలేదు. పాలకు డబ్బొస్తుంది, జబ్బు రాస్తే ఏమొస్తుంది?

నార్వేలో ఈ పని 1975లో దేశమంతటా మొదలైంది. ప్రతి ఆవుకూ ఒక హెల్త్ కార్డు, అదీ కొట్టంలోనే. అక్కడ యాంటీబయాటిక్ రైతు తనంతట తాను కొని వాడేందుకు వీల్లేదు, పశువైద్యుడు రావాల్సిందే. వచ్చిన డాక్టరు మందిచ్చి, తేదీ, జబ్బు కోడ్ కార్డులో రాసి వెళ్లేవారు. పొదుగువాపు, పాలజ్వరం, కీటోసిస్ (ఈనాక ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బు), మావి పడకపోవడం అన్నీ అలా నమోదై, పాల దిగుబడి, ఈతల వివరాలతో కలిసి ఒకే చోటికి చేరేవి. వైద్యం చేసిన చెయ్యే రాయడం దీని అసలు బలం. మన ఊళ్లలో చెవికి 12 అంకెల పసుపు ట్యాగ్ వచ్చింది గానీ, పొదుగు వాస్తే ఒకరు డాక్టర్ని, ఇంకొకరు గోపాలమిత్రను పిలుస్తారు, మరొకరు నేరుగా మందుల షాపుకెళ్తారు. ఇన్ని చేతులు పడ్డాక లెక్క ఒకచోట తేలడం కష్టం.

కార్డులు మొదలైన మూడేళ్లకే, 1978లో, నార్వేజియన్ రెడ్ జాతి ఆబోతుల ఎంపికలో పొదుగువాపును కూడా చూడటం మొదలుపెట్టారు. ఇది తెగువే. పొదుగువాపు రావడంలో ఆవుకూ ఆవుకూ ఉండే తేడాల్లో వంశపారంపర్యం వాటా మూడు నాలుగు శాతానికి మించదు. అంత తక్కువైతే ఎంపిక చేసి లాభం లేదని చాలామంది వదిలేశారు. పైగా పాలు ఒక్కటే చూసి ఎంచుకుంటూ పోతే పొదుగువాపు ముప్పు పెరుగుతుంది. నార్వే వాళ్లు ఒక్కో ఆబోతుకు రెండు వందలకు పైగా కూతుళ్ల కార్డులు చూసి తేల్చేవారు. అప్పట్లో ఒక్కో కొట్టంలో ఉండేవి పదికి అటూ ఇటూ ఆవులే. అయినా అందరూ ఒకే సహకార సంఘం వీర్యం వాడటం వల్ల అది సాధ్యమైంది.

పొదుగువాపు చికిత్సలు 1990ల మొదట్లో గరిష్ఠానికి చేరి, 1994 నుంచి దిగడం మొదలై, పదేళ్లు దాటేసరికి సగానికి పైగా తగ్గాయి. ఘనతంతా ఆబోతులకు కట్టబెట్టడం సరికాదు. 1982 నుంచే పొదుగువాపు నివారణ కార్యక్రమం నడుస్తోంది. పొదుగు వాస్తే పాలలో తెల్ల రక్తకణాల్లాంటివి పెరుగుతాయి, ఆ కణాల సంఖ్య ఎక్కువైతే పాల ధర కోసేవారు. ఇంకో చిక్కూ ఉంది. కార్డులో పడేది జబ్బు కాదు, చికిత్స. తేలికపాటి వాపుకు డాక్టర్ని పిలవడం మానేసినా, ఆవును అమ్మేసినా అంకె తగ్గుతుంది. డెన్మార్క్, ఫిన్లాండ్, నార్వే, స్వీడన్ రైతులు తాము చూసిన కేసులు విడిగా రాసిస్తే, వాటిని జాతీయ రికార్డులతో పోల్చారు. అన్నీ రికార్డుకెక్కలేదు, ఎక్కినవాటి పాళ్లూ దేశానికో తీరుగా ఉన్నాయి. అందుకే నాలుగు దేశాల అంకెలు పక్కపక్కన పెట్టి ఫలానా చోట ఆవులు ఆరోగ్యంగా ఉన్నాయనడం తొందరపాటు. ఒకే దేశంలో ఏళ్ల తరబడి కనిపించే మార్పును నమ్మడం కొంత మేలు, అదీ డాక్టర్ని పిలిచే అలవాటు మారలేదని తెలిస్తేనే.

ఇలాంటి కార్డులు లేని అమెరికా ఆబోతుల ఎంపికలో 1994 నుంచి పాలలోని కణాల సంఖ్యతోనే నెట్టుకొచ్చింది. హోల్‌స్టీన్ అనే పాడి జాతి ఆవులకు పొదుగువాపు, పాలజ్వరం సహా ఆరు జబ్బులపై నేరుగా జన్యు అంచనాలు ఇవ్వడం 2018లో గానీ కుదరలేదు, అదీ రైతులు సొంతంగా కంప్యూటర్లో రాసుకున్న వివరాలతో.

ఇప్పుడు ఆబోతు విలువను కూతుళ్లు ఈనేదాకా ఆగకుండా డీఎన్ఏ చూసే చెప్తున్నారు. కానీ ఏ డీఎన్ఏ ఉన్న ఆవుకు ఏ జబ్బు చేసిందో ముందు తెలిసుండాలి కదా, ఆ పాత కార్డులే దానికి ఆధారం. పాలు పితికే రోబోలు వాపును డాక్టరు కంటే ముందే పసిగడుతున్నాయి. రోబో ఇచ్చిన హెచ్చరికను కూడా జబ్బుగానే లెక్కిస్తే, ఒక్క ఆవుకూ కొత్తగా ఏమీ కాకుండానే పొదుగువాపు రేటు పెరిగిపోతుంది.