సంక్రాంతికి కదలని అంకె

బెంగళూరు మారతహళ్ళిలో మా పై అంతస్తు అమ్మాయి ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం కరోనా నాటి గూగుల్ మొబిలిటీ రిపోర్టులు (ఫోన్ల జాడను బట్టి జనం ఎక్కడెక్కడ ఎంత తిరిగారో చెప్పే లెక్కలు) తిరగేస్తోంది. "అంకుల్, 2020 మార్చి 29న దేశంలో షాపులు, హోటళ్ళ దగ్గర జనం మామూలు కంటే 77 శాతం తగ్గారట. ఇంట్లో ఉండటం మాత్రం 22 శాతమే పెరిగిందట. మిగతావాళ్ళు ఎక్కడికి పోయినట్టు?" అని అడిగింది.

ఎక్కడికీ పోలేదు. షాపులది మనుషుల లెక్క, ఇంటిది గంటల లెక్క. ఆ రోజు ఆదివారం. మామూలు ఆదివారమే మనం సగటున 18 గంటలు ఇంట్లో ఉంటామనుకోండి. రోజుకు ఉన్నవి 24 గంటలే కాబట్టి, గడప దాటకపోయినా పెరుగుదల 33 శాతం మించదు. 22 శాతమంటే దాదాపు 22 గంటలు!

అసలు మజా "మామూలు" అన్న మాటలో ఉంది. ఆ మామూలు కోసం గూగుల్ వాళ్ళు 2020 జనవరి 3 నుంచి ఫిబ్రవరి 6 దాకా అయిదు వారాలు తీసుకుని, వారంలో ఒక్కో రోజుకీ విడిగా మధ్యగతం (వరుసగా పేర్చితే నడుమ వచ్చే అంకె) కట్టారు. సగటు కాదు. మరి ఆ అయిదు వారాల నడుమే సంక్రాంతి పడింది కదా! జనవరి 15, బుధవారం. అప్పటికి మా వీధిలో సగం మంది కర్నూలు, కడప, నెల్లూరు బస్సులెక్కేసి ఉంటారు.

ఒక ఆఫీసు వీధిలో అయిదు బుధవారాల జనం ఇలా ఉన్నారనుకుందాం: 98, 30, 100, 102, 101. సగటు 86.2. ఒక్క పండగే అంత లాగేసింది. చిన్న నుంచి పెద్దకు పేర్చి నడిమిది తీస్తే 100. లాక్‌డౌన్ బుధవారం 43 మంది వచ్చారంటే, సగటు లెక్కన సగం తగ్గినట్టు, మధ్యగతం లెక్కన 57 శాతం తగ్గినట్టు. 30 బదులు సున్నా పెట్టండి, మధ్యగతం కదలదు. జనవరి 8న దేశవ్యాప్త సమ్మె, అదీ బుధవారమే. 98 బదులు 60 పెట్టండి, అయినా 100 దగ్గరే కూర్చుంటుంది. మూడో బుధవారమూ చెడితేనే దిగుతుంది. పదో తరగతిలో సంచిత పౌనఃపున్యాల సూత్రం మాతో బట్టీ పట్టించారు గానీ, ఈ మొండితనం కోసమే మధ్యగతం పుట్టిందని ఏ మాస్టారూ చెప్పలేదు.

ఈ రిపోర్టుల్లో లొకేషన్ హిస్టరీ (ఫోను ఎక్కడెక్కడ తిరిగిందో దాచుకునే సెట్టింగు) ఆన్‌లో ఉన్న ఫోన్లే లెక్క. కీప్యాడ్ ఫోనుతో ఊరికి నడిచిపోయిన మేస్త్రీ కూలీ ఇందులో లేడు. అతని జాడ దొరికేది టవర్ రికార్డుల్లో: కాల్ చేసినప్పుడల్లా ఏ టవరో నమోదవుతుంది. కెన్యాలో దాదాపు కోటిన్నర ఫోన్ల టవర్ రికార్డులతో మలేరియా క్రిములు మనుషుల వెంట ఎటు ప్రయాణిస్తున్నాయో పటం గీసి 2012లో ప్రచురించారు.

ఇలాంటి రికార్డుల్లో పేర్లు తీసేస్తే భయం లేదు కదా అంటుంది ఆ పై అంతస్తు అమ్మాయి. 2013లో 15 లక్షల మంది టవర్ రికార్డులను పరీక్షిస్తే, ఎప్పుడు ఎక్కడ ఉన్నారన్న నాలుగు ఆనవాళ్ళతోనే 95 శాతం మంది విడిగా తేలిపోయారు. నావి లెక్కపెట్టుకున్నాను: పొద్దున్నే మారతహళ్ళి, పదింటికి ఆఫీసు, సాయంత్రం టిఫిన్ సెంటరు. ఈ మూడూ వేలమందికి ఉండేవే. నాలుగోది సంక్రాంతికి మా ఊరు.