తోడు చుక్క

తెనాలి,
ధనుర్మాసం.

చిరంజీవి బుజ్జిగాడికి, చిరంజీవి చిట్టితల్లికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఆదివారం ఫోనులో మీరిద్దరూ పోట్లాడుకుంటూ ఉంటే ఇక్కడ అమ్మమ్మా నేనూ స్పీకరు పెట్టుకుని మొత్తం విన్నాం. బడి వార్షికోత్సవంలో మీ తరగతి పిల్లలు నాట్యం చేయబోయే సినిమా పాటను బుజ్జిగాడు ఏదో ఉచిత సైటు నుంచి దించుకుని తరగతి గ్రూపులో పెట్టాడనీ, నలభై ఇళ్ళలో దాన్ని దాచుకున్నారనీ, చిట్టితల్లి వాణ్ణి దొంగ అన్నదనీ, వాడు ఉక్రోషంతో "దొంగతనమైతే ఎవరి దగ్గర ఏం పోయిందో చూపించు" అని ఎదురు ప్రశ్న వేశాడనీ అర్థమైంది. ఇంతలో మీ అమ్మ కేకలేసి ఇద్దరినీ అన్నాలకు పంపేసింది. పోట్లాట అక్కడితో ఆగింది కాని, ఆ ప్రశ్న మాత్రం మూడు రోజులుగా నన్ను వదలలేదు. ఫోనులో చెబితే మీరు సగం విని పరుగెత్తుతారు గనుక ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా బుజ్జిగాడికి ఒక ఊరట. బడిలో విద్యార్థులు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు మాత్రమే ఉన్న సభలో బడి కార్యక్రమంగా రికార్డు పాట వేసుకుంటే అది తప్పు కాదని మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టమే చెబుతున్నది. పెళ్ళి ఊరేగింపులో పాటలు వేసుకోవడానికీ అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. చట్టం రాసినవాళ్ళకు మన బ్యాండు మేళాల సంగతి బాగా తెలిసినట్టుంది. కాబట్టి మీరు వేదిక మీద నిర్భయంగా గంతులు వేయవచ్చు. చిక్కు వచ్చింది నాట్యంతో కాదు, ఆ నలభై నకళ్ళతో.

ఎవరి దగ్గర ఏం పోయింది? దీనికి నాకు తోచిన పోలిక పెరుగు తోడు. మనింట్లో ఏ రోజైనా తోడుకు పెరుగు మిగలకపోతే అమ్మమ్మ నా చేతికి చిన్న గిన్నె ఇచ్చి ఎదురింటికి పంపిస్తుంది. దీపాలు పెట్టాక పెరుగు చేయి మారకూడదని ఆవిడ పట్టింపు కనుక పొద్దు వాలకముందే వెళ్ళాలి. ఎదురింటి పిన్నిగారు చెంచాడు పెరుగు వేస్తుంది. ఆ చెంచాడు గోరువెచ్చని పాలలో కలిపి మూత పెడితే తెల్లవారేసరికి మన గిన్నె నిండా పెరుగే. పిన్నిగారి గిన్నెలో తరిగిందేమీ లేదు. ఆ తోడు ఆవిడకు పుట్టింటి నుంచి వచ్చిందట, ఆ పుట్టింటికి ఇంకెవరో ఇచ్చి ఉంటారు, అలా వెనక్కి నడుచుకుంటూ పోతే మొట్టమొదటి తోడు ఎవరు వేశారో ఎవరూ చెప్పలేరు. తోడు చుక్కకు డబ్బు అడిగిన ఇల్లాలిని నేను ఈ డెబ్బై ఏళ్ళలో చూడలేదు. ఇంతవరకు బుజ్జిగాడి వాదమే గెలిచింది: పాట ఇచ్చినవాడి దగ్గర పాట అలాగే ఉంది, పుచ్చుకున్నవాడి దగ్గరా ఉంది.

అయితే చుక్క ఊరికే వచ్చినా పాలు ఊరికే రావు కదా, నెల తిరిగేసరికి పాలవాడికి లెక్క కట్టాలి కదా అని నేను పోలికను మరి కాస్త ముందుకు లాగాను. పాట విషయంలో పాలంటే దాని వెనక పడిన శ్రమ. బాణీ కట్టినవాళ్ళు, మాటలు రాసినవాళ్ళు, పాడినవాళ్ళు, వయొలిన్లూ వేణువులూ వాయించినవాళ్ళు, శబ్దం సరిచూసే ఇంజనీరు, స్టూడియో అద్దె, ఇవన్నీ కలిస్తేనే ఒక గిన్నెడు పాలు. ఈ మాట అమ్మమ్మకు చదివి వినిపిస్తే ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అడిగింది: "మనం తోడు తెచ్చుకున్నా పాలు మనమే కొనుక్కోవాలి. మరి పిల్లవాడు పంపిన పాటకు అవతలి ఇంటివాళ్ళు పాలెక్కడ కొన్నారు? నీళ్ళ గిన్నెలో వేసినా గడ్డ పెరుగయ్యే తోడు కదండీ అది!"

నేను కాసేపు ఆలోచించి, నలభై ఇళ్ళవాళ్ళు నీళ్ళతోనే పెరుగు చేసుకుంటే పాలవాడు గేదెను అమ్ముకుంటాడు కదా అన్నాను. ఆ నలభై మందీ పాలు కొనేవాళ్ళేనని నీకెవరు చెప్పారు, పెరుగు దొరక్కపోతే చారన్నంతో సరిపెట్టుకునేవాళ్ళు అందులో ఎంతమందో అని ఆవిడ అన్నది. అదీ నిజమే. దించుకున్న ప్రతి నకలుకూ ఒక అమ్మకం పోయిందని లెక్క కట్టేవాళ్ళు కాస్త ఎక్కువ కడుతున్నారనే నేనూ అనుకుంటాను. పోలిక కుంటుతున్నదని తెలిసినా గేదెను పట్టుకుని ఇంత దూరం వచ్చాను. ఇక దాన్ని ఇక్కడ కట్టేసి, నాకు స్వయంగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మా ఊరి రామాలయం ముందు శ్రీరామనవమి పందిట్లో హరికథ పెట్టారు. దాసుగారు చేతిలో చిడతలు, కాళ్ళకు గజ్జెలు, మెడలో బంతిపూల దండతో రెండు గంటలు ఆడుతూ పాడుతూ మమ్మల్ని ఏడిపించి నవ్వించి, శివధనుస్సు రాముడి చేతికి వచ్చి ఇక విరగబోతుందనగా కథ ఆపేశారు. హారతి పళ్ళెం లేచింది. ఇచ్చినవాళ్ళ పేర్లు చదివింపుల్లో చెబుతున్నారు. మా నాన్న నాకు పళ్ళెంలో వేయమని ఇచ్చిన పది పైసల బిళ్ళ నా గుప్పెట్లో చెమట పట్టి ఉంది. పందిరి చివర బొరుగులూ బెల్లమూ అమ్ముతున్నారు. పళ్ళెం మా వరసకు వచ్చే వేళకు నేను పందిరి గుంజ చాటుకు తప్పుకున్నాను. పళ్ళెం వెళ్ళిపోయాక వచ్చి కూర్చుని మిగిలిన కథంతా విన్నాను. విల్లు నాకోసమూ విరిగింది. సీతమ్మ పెళ్ళి నాకూ జరిగింది. నేను గుంజ చాటున ఉన్నంత మాత్రాన దాసుగారు ఒక్క పద్యమైనా తగ్గించి పాడలేదు.

మర్నాడు పొద్దున్న పాలకు వెళుతూ రావిచెట్టు కింద వాళ్ళను చూశాను. బస్సు కోసం కూర్చున్నారు. మృదంగం వాయించిన ఆయన తువ్వాలు పరిచి, చిల్లర కుప్పలుగా పోసి ముగ్గురికీ పంచుతున్నాడు. ఫిడేలు వాయించిన ముసలాయన తన కుప్పను రెండుసార్లు లెక్కపెట్టుకుని, బస్సు టిక్కెట్టుకు కావలసింది పక్కన పెట్టి, మిగిలింది పంచె కొంగున ముడి వేసుకున్నాడు. నన్ను చూసి "రాత్రి ముందు వరసలో కూర్చున్నది నువ్వే కదూ, బాగా విన్నావు నాయనా" అన్నాడు. నేను చేతిలో చెంబుతో ఇంటికి ఒకటే పరుగు.

బుజ్జీ, నా బొరుగుల వల్ల ఆయన దగ్గర ఉన్న వస్తువు ఏదీ పోలేదు. ఎవరి దగ్గర ఏం పోయిందో చూపించమంటే నేను ఇప్పటికీ చూపించలేను. అందుకే చిట్టితల్లి వాడిన ఆ మాట నేను వాడను. గొలుసు తెంచుకుపోవడమూ, పళ్ళెం వచ్చినప్పుడు గుంజ చాటుకు తప్పుకోవడమూ ఒకటి కావు. కాని రెండోది తప్పు కాదని నేను నాకే ఎన్నడూ నచ్చచెప్పుకోలేకపోయాను.

ఆ తర్వాత నేనేదో బుద్ధిమంతుణ్ణి అయిపోయాననుకునేరు. 1984లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి జీతాలతో కొన్నది టేపురికార్డరు. అప్పట్లో ప్రతి ఊళ్ళోనూ క్యాసెట్ల కొట్టు ఉండేది. కావలసిన పాటల జాబితా తెల్లకాగితం మీద రాసి, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు కొని ఇస్తే, రెండు రోజుల్లో పధ్నాలుగు పాటలు ఎక్కించి ఇచ్చేవారు. కొట్టువాడికి పాటకింత అని డబ్బిచ్చాం, క్యాసెట్టుకు డబ్బిచ్చాం. పాట చేసినవాళ్ళకు మాత్రం దమ్మిడీ ఇవ్వలేదు. అది తప్పని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. అమెరికా వెళ్ళిన మీ చిన్నతాతకు అలాంటివే పది క్యాసెట్లు చేయించి పంపితే వాడు వాటిని అక్కడి స్నేహితులందరికీ నకళ్ళు తీసి ఇచ్చాడు. తెలుగు పాట దొరికే కొట్టు లేని చోట అది ఆకలికి అన్నం పెట్టినట్టే అనిపించింది. 1999లో నాప్‌స్టర్ వచ్చి ఎవరి కంప్యూటర్లోని పాటనైనా ఎవరైనా తీసుకునే వీలు కల్పించినప్పుడు ప్రపంచమంతా అదే పని చేసింది. పాటల కంపెనీలు కోర్టుకు వెళ్ళడంతో 2001లో అది మూతపడింది. అలవాటు మాత్రం ఆగలేదు.

మీకు ఇంకొక సంగతి కూడా చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే. డబ్బిచ్చి కొన్న క్యాసెట్టులో కూడా ఆ డబ్బు చాలాకాలం పాట రాసినవాళ్ళ దాకా పోలేదు. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు దాని మీద హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు తన మాట జోడిస్తూ జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, పాడినవారికి మన చట్టంలో ఏ హక్కూ లేకపోవడమేమిటని వాపోయారు. గాయకులకు ప్రదర్శకులుగా హక్కు 1994లో గాని రాలేదు. 2012లో, రాజ్యసభ సభ్యుడిగా ఉన్న కవి జావేద్ అఖ్తర్ వంటివారు గట్టిగా పట్టుబట్టాక, చట్టాన్ని సవరించి గీత రచయితకూ సంగీత దర్శకుడికీ పాట వాడినందుకు వచ్చే రాయల్టీ డబ్బులో సమాన వాటా ఉండాలనీ, ఆ వాటాను ఎవరూ ముందే రాయించుకుని తీసేసుకోకూడదనీ నిర్ణయించారు. పళ్ళెం తిరగడం ఒక ఎత్తు, అది చివరికి ఎవరి ముందు ఆగుతుందన్నది మరొక ఎత్తు. "వాళ్ళకెలాగూ చేరదు కదా" అని పళ్ళెమే ఎత్తేయడం మాత్రం ఫిడేలు ముసలాయన పక్షం వహించడం కాదు.

ఇప్పుడు మీ ఫోనుల్లో పాట వినే యాప్‌లు చేసేదీ పళ్ళెం తిప్పడమే. మీ నాన్న నెలనెలా కట్టే డబ్బో, కట్టనివాళ్ళకు మధ్యలో వచ్చే ప్రకటనల డబ్బో పోగుపడి, ఎవరి పాట ఎన్నిసార్లు విన్నారన్న లెక్కను బట్టి పంపకం జరుగుతుంది. ఒక్కసారి వింటే వచ్చేది రూపాయిలో పిసరంత. నా పది పైసలూ పిసరంతే. బుజ్జిగాడు పాటకు బదులు ఆ యాప్‌లోని లంకెను గ్రూపులో పెట్టి ఉంటే, పిల్లలు సాధన చేస్తూ విన్న ప్రతిసారీ ఆ పిసరు లెక్కలో పడేది. ఈసారికి అలా చెయ్యి నాయనా, పెట్టిన ఫైలు తీసేసి లంకె పెట్టు.

అలాగని పంచుకోవడమంతా పాపమని మీరు భయపడకండి. పాట అంటే ఒకటి కాదు, మాట, బాణీ, రికార్డు అని మూడు పొరలు, ఒక్కొక్క పొర మీద కాపీరైటు హక్కుకు ఒక్కొక్క గడువు, అది తీరాక ఆ పొర అందరిదీ. మాటకూ బాణీకీ వాటిని చేసినవారి జీవితకాలమూ ఆపైన 60 ఏళ్ళూ, రికార్డుకు విడుదలయ్యాక 60 ఏళ్ళు. 1957లో వచ్చిన మాయాబజార్ పాటల రికార్డుల గడువు 2017తో తీరిపోయింది. కాని మాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు కనుక ఆ మాటల గడువు 2031 చివరిదాకా ఉంది. 1503లో పరమపదించిన అన్నమయ్య మాటలు మనందరివీ, కాని వాటికి మన కాలంలో ఒకరు కట్టిన బాణీ వారిది. ఆ మాటలు కూడా తిరుమలలో రాగిరేకుల మీద ఎవరో చెక్కి దాచబట్టి మనదాకా వచ్చాయి. త్యాగరాజస్వామి కీర్తనలు శిష్యులు రాసుకోబట్టి మిగిలాయి. కంపెనీలే పారేసిన 78 స్పీడు లక్క రికార్డులను అటకల మీద నుంచి దింపి, తుడిచి, నకళ్ళు తీసి నిలబెట్టినవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వాళ్ళను చూస్తే నాకు మళ్ళీ ఎదురింటి పిన్నిగారే గుర్తుకొస్తుంది. ఏది తోడు చుక్క, ఏది గుంజ చాటు అన్నది ప్రతిసారీ గీత గీసినట్టు చెప్పడం నావల్ల కావడం లేదు. వాయించే మనిషి ఇంకా రావిచెట్టు కింద బస్సు కోసం కూర్చుని ఉన్నాడా లేడా అని మాత్రం ముందు చూస్తాను.

మీకు ఒక పని చెబుతాను. మీరు నాట్యం చేసే పాటను యాప్‌లో తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి చూడండి. కొన్ని యాప్‌లలో అక్కడ రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు, పాడినవారి పేరు ఉంటాయి. లేకపోతే సినిమా మొదట్లో పడే పేర్లు ఆపి ఆపి చదవండి. కాగితం మీద రాసుకుని పండక్కి వచ్చేటప్పుడు తీసుకురండి. మధ్యలో వినిపించే ఆ వేణువు ఎవరు వాయించారో తెలుసుకోగలరేమో కూడా చూడండి, అది కాస్త కష్టమే.

నేనూ ఇక్కడ అదే పనిలో ఉన్నాను. మొన్న మీ ఫోను పెట్టేశాక ట్రంకుపెట్టె దింపి 1984 నాటి క్యాసెట్లు బయటికి తీశాను. ముప్ఫై రెండు ఉన్నాయి. అట్టల మీద కొట్టువాడి గుండ్రటి దస్తూరీలో వరస సంఖ్య, సినిమా పేరు, పాట మొదటి మాట ఉన్నాయి. రాసినవారి పేరు ఒక్క అట్ట మీదా లేదు. పెన్సిలుతో ఒక్కొక్కటే రాసుకుంటూ వస్తున్నాను. పదకొండు పాటల దగ్గర ఆగిపోయాను. మీరు వచ్చాక వాటి సంగతి మీ ఫోనులో చూద్దాం.

మీ తాతయ్య