చెక్కు ఎవరు రాశారని కాదు, చందాలు ఎవరు పోగుచేశారని చూడాలి: అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లాబీయిస్టులు – అపోహలు, వాస్తవాలు

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, "మా అభ్యర్థి లాబీయిస్టుల దగ్గర డాలర్ కూడా ముట్టుకోడు" అనే ప్రకటనలు మొదలవుతాయి. ఎన్నికల విరాళాల లెక్కలు, లాబీయింగ్ నమోదు పత్రాలు రోజూ చదివేవాళ్లకు ఆ మాటలో ఎంత నిజముందో, ఎంత ఖాళీ ఉందో వెంటనే తెలిసిపోతుంది. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ, టీవీ చర్చల్లోనూ తరచుగా వినిపించే అపోహలను ఇక్కడ తీసుకున్నాం.

అపోహ: లాబీయింగ్ అంటే చట్టం ఒప్పుకున్న లంచం.

వాస్తవం: ప్రభుత్వానికి విన్నపం చేసుకునే హక్కు అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉంది. ఆ విన్నపాన్ని ఇంకొకరి తరఫున, జీతానికో ఫీజుకో చేసేవాళ్లు లాబీయిస్టులు. మందుల కంపెనీలకు ఉన్నట్టే నర్సుల సంఘాలకూ, యూనివర్సిటీలకూ, నగరపాలక సంస్థలకూ లాబీయిస్టులుంటారు. లంచం వేరే నేరం, దానికి 15 ఏళ్ల వరకు జైలు పడుతుంది. అయితే ఆ నేరాన్ని రుజువు చేయడం ఇప్పుడు చాలా కష్టం. వర్జీనియా మాజీ గవర్నర్ బాబ్ మెక్‌డొనెల్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: సమావేశం ఏర్పాటు చేయడం, అధికారికి ఫోన్ చేసి పరిచయం చేయడం వంటివి వాటంతటవే 'అధికారిక చర్య' కిందకు రావు. లాబీయిస్టులు మొదట కోరుకునేది సరిగ్గా అవే. అందుకే మా దృష్టి లంచం మీద కన్నా పరిచయాల మీద ఉంటుంది.

అపోహ: లాబీయింగ్ చేసే ప్రతి ఒక్కరి పేరూ రిజిస్టర్‌లో ఉంటుంది.

వాస్తవం: ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే మిగతా గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది.

1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం ప్రకారం ఒక వ్యక్తి లాబీయిస్టు కావాలంటే, ఒక క్లయింటు కోసం ఒకటికన్నా ఎక్కువసార్లు చట్టసభ సభ్యులనో, వాళ్ల సిబ్బందినో, పై స్థాయి అధికారులనో సంప్రదించాలి. ఆ క్లయింటుకు కేటాయించిన సమయంలో, ఏ మూడు నెలల్లోనైనా 20 శాతం లాబీయింగ్ పనికే పోవాలి. ఈ రెండూ కుదిరి, ఆదాయమో ఖర్చో చట్టం పెట్టిన పరిమితి దాటితే 45 రోజుల్లో పేరు నమోదు చేయాలి.

సంప్రదింపులు తాను చేయకుండా, ఎవరిని కలవాలి, ఏ మాట ముందు చెప్పాలి, ఏ కమిటీలో ఎవరు మెత్తబడతారు అని కేవలం సలహా ఇచ్చే మనిషి ఈ నిర్వచనంలోకి రాడు. సెనేట్ మెజారిటీ నాయకుడిగా పనిచేసిన టామ్ డాష్లే 2004లో ఓడిపోయాక ఒక పెద్ద లా ఫర్మ్‌లో సలహాదారుగా చేరారు. 2008లో ఒబామాకు దగ్గరి మద్దతుదారు, ఆ తర్వాత ఆరోగ్య శాఖకు నామినీ (పన్నుల వివాదంతో 2009 ఫిబ్రవరిలో తప్పుకున్నారు). అప్పటికి ఆయన పేరు లాబీయిస్టుల రిజిస్టర్‌లో లేదు. "లాబీయిస్టుల సొమ్ము తీసుకోం" అన్న ఒబామా ప్రచారం నియమం తప్పలేదు కూడా. రిజిస్టర్ లెక్కపెట్టేది కాగితం మీది పేరును, పలుకుబడిని కాదు.

ఇంకో మలుపు ఉంది. చట్టంలో 'సంప్రదింపు' అంటే పదవిలో ఉన్న అధికారితో మాట్లాడటం. అధ్యక్ష అభ్యర్థి గానీ, ఆయన ప్రచార మేనేజర్ గానీ, విధాన సలహాదారు గానీ ఆ హోదా వల్ల అధికారులు కారు. 2008లో పోటీపడ్డ అధ్యక్ష అభ్యర్థులు మెకెయిన్, ఒబామా ఇద్దరూ సెనేటర్లే కాబట్టి వాళ్లతో, వాళ్ల సెనేట్ ఆఫీసుతో మాట్లాడితే లెక్కలోకి వస్తుంది. ప్రచార ఆఫీసులో కూర్చున్న సలహాదారుకు పన్నుల పథకం మీద నోట్ పంపితే రాదు. ఎన్నిక గెలిచాక అధికార మార్పిడి పనులు చూసేందుకు ఏర్పడే ట్రాన్సిషన్ బృందంతో మాట్లాడినా అంతే. ఒక విధానం పునాది పడేది ఆ నెలల్లోనే. సరిగ్గా అప్పుడే రికార్డు పలచబడుతుంది. ఈ చట్టంలో పెద్ద లోపం ఇదేనని మేం గట్టిగా నమ్ముతాం.

అపోహ: కంపెనీలు అభ్యర్థికి కోట్లకు కోట్లు ఇస్తాయి.

వాస్తవం: సమాఖ్య ఎన్నికల్లో అభ్యర్థికి కార్పొరేషన్ నేరుగా విరాళం ఇవ్వడం 1907 నుంచి నిషేధం. "ఫలానా కంపెనీ ఫలానా అభ్యర్థికి ఇంత ఇచ్చింది" అని పట్టికల్లో కనిపించే అంకెల్లో ఎక్కువ భాగం ఆ కంపెనీ ఉద్యోగులు వ్యక్తిగతంగా ఇచ్చిన సొమ్ము. మొత్తం 200 డాలర్లు దాటిన దాతల వృత్తి, యజమాని పేరు అడిగి రాయాలని నియమం ఉంది కాబట్టి ఆ లెక్క తేలుతుంది. వ్యక్తికి పరిమితి 2024 ఎన్నికలకు అభ్యర్థికి 3,300 డాలర్లు. ప్రైమరీకి ఒకసారి, తుది ఎన్నికకు ఇంకోసారి. కంపెనీ పాక్ (అభ్యర్థులకు చందాలిచ్చే రాజకీయ కమిటీ) ఉద్యోగుల చందాలతో నడుస్తుంది, అది ఒక అభ్యర్థికి ఇచ్చేది ఒక్కో ఎన్నికకు 5,000 డాలర్లు దాటకూడదు.

కంపెనీ ఖజానా నుంచే డబ్బు పోయే దారి సూపర్ పాక్, అంటే అభ్యర్థికి ఇవ్వకుండా విడిగా ఖర్చు చేసే కమిటీ. 2010లో వచ్చిన సిటిజన్స్ యునైటెడ్, స్పీచ్‌నౌ కోర్టు తీర్పుల తర్వాత వాటికిచ్చే సొమ్ముకు పరిమితి లేదు. అభ్యర్థితో కలిసి ఖర్చు ప్రణాళిక వేసుకోకూడదన్న షరతు మాత్రం ఉంది.

అపోహ: లాబీయిస్టు బలం అతను రాసే చెక్కులో ఉంటుంది.

వాస్తవం: 3,300 డాలర్ల చెక్కు అధ్యక్ష ప్రచారంలో ఎవరికీ గుర్తుండదు. వంద మందితో అలాంటి చెక్కులు రాయించి తెచ్చినవాడు గుర్తుంటాడు. ఈ పోగుచేసేవాళ్లను బండ్లర్లు అంటారు. జార్జ్ బుష్ 2000 ప్రచారంలో లక్ష డాలర్లు తెచ్చినవాళ్లకు 'పయనీర్' అని, 2004లో రెండు లక్షలు తెచ్చినవాళ్లకు 'రేంజర్' అని బిరుదులిచ్చారు. ఎవరి ఖాతాలో ఎంత పడిందో తెలియడానికి ప్రతి బండ్లర్‌కూ ఒక ట్రాకింగ్ నంబరు ఉండేది, దాత దాన్ని చెక్కు మీద రాసేవాడు.

లాబీయిస్టు జాక్ అబ్రమాఫ్ లంచాల కుంభకోణం తర్వాత 2007లో వచ్చిన సంస్కరణ చట్టం దీన్ని కొంత బయటపెట్టింది. నమోదైన లాబీయిస్టు పోగుచేసి తెచ్చిన సొమ్ము పరిమితి దాటితే అభ్యర్థి కమిటీ 'ఫారం 3ఎల్'లో పేరుతో సహా చెప్పాలి. చట్టంలో రాసినప్పుడు ఆ పరిమితి 15,000 డాలర్లు, ధరలతోపాటు పెరిగి 2024లో 22,700 అయింది. చెక్కులు తానే తెచ్చి ఇచ్చినా, దాత నేరుగా పంపిన సొమ్మును కమిటీ అతని పేరు మీద జమకట్టి గుర్తించినా లెక్కే.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, విందుకు ఆరుగురు ఆతిథ్యమిచ్చినప్పుడు కోశాధికారి మొత్తాన్ని ఆరు భాగాలు చేసి రాసేస్తాడు. ఒక లాబీయిస్టే సగం సొమ్ము తెచ్చాడని కమిటీ రికార్డుల్లో ఉంటే అలా పంచడం చెల్లదు. లాబీయిస్టు కాని బండ్లర్ల పేర్లు చెప్పాల్సిన పని అసలు లేదు. 2008లో మెకెయిన్, ఒబామా, 2012లో ఒబామా, 2016లో హిల్లరీ క్లింటన్ తమంతట తామే పేర్లు బయటపెట్టారు. 2012లో రోమ్నీ, 2016లో ట్రంప్ చట్టం అడిగినంత వరకే ఇచ్చారు.

అపోహ: లాబీయిస్టు రాజకీయ నాయకుడికి భోజనం కూడా పెట్టకూడదు, కాబట్టి దూరం ఉంది.

వాస్తవం: మొదటి సగం దాదాపు నిజం. 2007 నుంచి నమోదైన లాబీయిస్టు కాంగ్రెస్ సభ్యుణ్ని రెస్టారెంటుకు తీసుకెళ్లి బిల్లు కట్టడానికి వీల్లేదు. కానీ అదే రెస్టారెంటులో, అదే బల్ల దగ్గర ప్రచార నిధుల విందు పెడితే అది బహుమతి నియమాల్లోకి రాదు, ఎన్నికల విరాళాల చట్టం కిందకు వస్తుంది. చెక్కు ఇవ్వొచ్చు, పక్కపక్కన కూర్చుని తినొచ్చు. పార్టీ మహాసభలప్పుడు ఒక సభ్యుణ్ని సత్కరిస్తూ లాబీయిస్టులు విందు ఇవ్వడం నిషేధం. ఆహ్వానంలో సభ్యుడి పేరు తీసేసి ఒక రాష్ట్ర ప్రతినిధి బృందానికి విందు అని రాస్తే నడిచిపోతుంది.

అపోహ: అసలు సమస్య డబ్బే.

వాస్తవం: మా అనుభవంలో డబ్బుకన్నా ఎక్కువ చూడాల్సింది ప్రచార సిబ్బంది జాబితా. దీనికి 2008 ఎన్నికను మించిన ఉదాహరణ లేదు.

ప్రత్యేక ప్రయోజనాల మీద పోరాడే నాయకుడిగా పేరున్న జాన్ మెకెయిన్ ప్రచార మేనేజర్ రిక్ డేవిస్‌కు లాబీయింగ్ సంస్థ ఉండేది. ముఖ్య సలహాదారు చార్లీ బ్లాక్ వాషింగ్టన్‌లో పేరుమోసిన లాబీయిస్టు. మెకెయిన్ ప్రచార బస్సులోంచే ఫోన్లో క్లయింట్ల పని చూస్తుంటానని పత్రికకు తానే చెప్పారు, ఆ మార్చిలో సంస్థ వదిలేశారు. మే నెలలో బర్మా సైనిక ప్రభుత్వానికి గతంలో పనిచేసిన సంస్థతో సంబంధాలున్నాయని ఇద్దరు తప్పుకున్నారు. వాళ్లలో ఒకరు పార్టీ మహాసభ నిర్వహణకు ఎంపికైనవాడు. దాంతో ప్రచార సిబ్బందిలో నమోదైన లాబీయిస్టులుండకూడదని కొత్త నియమం పెట్టారు. కొద్ది రోజుల్లోనే నిధుల సేకరణ పెద్ద టామ్ లాఫ్లర్ కూడా వెళ్లిపోయారు. అవతలి పార్టీలో హిల్లరీ క్లింటన్ ముఖ్య వ్యూహకర్త మార్క్ పెన్ తన కంపెనీ అధిపతిగా కొలంబియా రాయబారిని కలిసి, హిల్లరీ వ్యతిరేకిస్తున్న వాణిజ్య ఒప్పందం గురించి మాట్లాడారు. ఏప్రిల్‌లో ఆ పదవి పోయింది.

ఇది ఎందుకు జరుగుతుంది? లాబీయిస్టు తన సొంత సమయంలో, జీతం లేకుండా ప్రచారానికి పనిచేస్తే చట్టం దాన్ని విరాళంగా లెక్కకట్టదు. ప్రచారానికి పనిచేసిన గంటలకు అతని సంస్థ జీతం ఇస్తే అది సంస్థ విరాళమవుతుంది, కార్పొరేషన్ అయితే నేరుగా నిషేధమే. ఎవరి సమయంలో పనిచేశాడో టైమ్‌షీట్ లేకపోవడమే చాలా కేసుల్లో కొంప ముంచుతుంది. ఎన్నికయ్యాక ఆ పరిచయమే పెట్టుబడి. ఫ్లోరిడాలో ట్రంప్‌కు నిధులు సేకరించిన బ్రయన్ బల్లార్డ్ 2017లో వాషింగ్టన్‌లో ఆఫీసు తెరిచారు. బైడెన్ 2020 ప్రచార ఛైర్మన్, తర్వాత వైట్‌హౌస్ సలహాదారు స్టీవ్ రిచెట్టి మాజీ లాబీయిస్టు. 2024లో ట్రంప్ ప్రచారాన్ని నడిపి వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయిన సూసీ వైల్స్ లాబీయింగ్ సంస్థల నుంచి వచ్చినవారే. పార్టీ తేడా లేదు.

అపోహ: విదేశాల పనిచేసే లాబీయిస్టులకూ ఇదే రిజిస్టర్.

వాస్తవం: విదేశీ ప్రభుత్వాలు, పార్టీల తరఫున పనిచేసేవాళ్లకు 1938 నాటి 'ఫారా' చట్టం ఉంది, నమోదు న్యాయశాఖలో. 2016లో ట్రంప్ ప్రచార ఛైర్మన్‌గా ఉన్న పాల్ మనాఫోర్ట్ ఉక్రెయిన్ పార్టీకి చేసిన పనిని 2017 జూన్‌లో, అంటే ఎన్నికయ్యాక నమోదు చేశారు. భారత ప్రభుత్వం కూడా వాషింగ్టన్‌లో లాబీయింగ్ సంస్థలను పెట్టుకుంటుంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సలహాదారు జేసన్ మిల్లర్ సంస్థతో నెలకు 1,50,000 డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ కాగితాలు ఫారా వెబ్‌సైట్‌లో ఎవరైనా చదవొచ్చు.

అపోహ: అమెరికాలోనే ఉంటున్నాం, పన్ను కడుతున్నాం, మేమూ విందుకు చందా ఇవ్వొచ్చు.

వాస్తవం: హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లు ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉంటే ఇవ్వొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేయొచ్చు. కార్పొరేషన్‌గా నమోదైన కన్సల్టెన్సీ కంపెనీ చెక్కు చెల్లదు. 501(సి)(3) అనే పన్ను మినహాయింపు విభాగం కింద నమోదైన సాంస్కృతిక సంఘం డబ్బుతో విందులో టేబుల్ కొనడం ఆ సంఘం పన్ను మినహాయింపుకే ముప్పు. "మీ పేరుతో ఇవ్వండి, నేను మళ్లీ ఇచ్చేస్తా" అనడం నేరం. ఏడాదిలో ఆ మొత్తం 25,000 డాలర్లకు చేరితే ఐదేళ్ల వరకు జైలు. హోటళ్ల వ్యాపారి సంత్ సింగ్ చత్వాల్ 1,80,000 డాలర్లకు పైగా ఇలా ఇప్పించినందుకు 2014లో నేరం ఒప్పుకున్నారు.

అపోహ: ఇవన్నీ సామాన్యుడికి తెలిసే దారి లేదు.

వాస్తవం: అరగంట చాలు. ముందు సెనేట్ లాబీయింగ్ డేటాబేస్‌లో పేరు వెతకండి. త్రైమాసిక నివేదిక 'ఎల్‌డీ-2'లో ఏ బిల్లు మీద, ఏ సభలో మాట్లాడారో ఉంటుంది. గత 20 ఏళ్లలో చేసిన ప్రభుత్వ ఉద్యోగం నమోదు పత్రాల్లోనే కనిపిస్తుంది. మొదట ఆ గడినే చదవండి. ఇందులోని సొమ్ము క్లయింటు కట్టిన ఫీజు, నాయకుడికి చేరింది కాదు. పైగా దగ్గరి పదివేలకు గుండ్రం చేసిన అంకె. కంపెనీ సొంత నివేదికలో బయటి సంస్థలకిచ్చిన ఫీజు కూడా కలిసి ఉంటుంది. రెండూ కూడితే ఒకే డాలర్ రెండుసార్లు లెక్కకొస్తుంది. తర్వాత లాబీయిస్టు ఇచ్చిన విరాళాల నివేదిక 'ఎల్‌డీ-203' తెరవండి. ప్రతి లాబీయిస్టూ ఆరు నెలలకోసారి, ఏమీ ఇవ్వకపోయినా, దాఖలు చేయాలి. ఆఖరున ఎన్నికల కమిషన్ సైట్‌లో అభ్యర్థి కమిటీ ఫారం 3ఎల్.

నవంబరుతో వెతుకులాట ఆపేయకండి. ప్రమాణస్వీకార కమిటీకి విరాళాల పరిమితి లేదు, కంపెనీలు నేరుగా ఇవ్వొచ్చు. 2017లో ట్రంప్ కమిటీకి సుమారు 10.7 కోట్ల డాలర్లు వస్తే 2025లో దాదాపు 24 కోట్లు వచ్చాయి. ఆ కమిటీ లెక్క 90 రోజుల్లో, అంటే ఏప్రిల్ మూడోవారానికి బయటికొస్తుంది. అదే కమిటీకి లాబీయిస్టులు ఇచ్చినవి ఎల్‌డీ-203లో ఉంటాయి: డిసెంబరులోగా ఇచ్చినవి జనవరి 30 గడువున్న నివేదికలో, జనవరి తర్వాతవి జూలై 30 గడువున్న నివేదికలో. కమిటీ లెక్కనూ, ఈ నివేదికలనూ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడండి.